ఆగని పెట్టె – పదకొండో భాగం: ధూపం వాసన

కిందటి వారం యింగ్-చూని మనం యెన్-లియావ్ రేవులోని ఆమె కొట్లో, మూడు రోజుల పరీక్షకు పెట్టిన కంప్యూటర్ పక్కన వదిలి వచ్చాం. అది తిన్-లై చేపపిల్లల హేచరీ కోసం ఆమె కడుతున్న పెట్టె. పగలూ రాత్రీ ఆగకూడదు. తొట్లలో నీటికి గాలి అందుతోందో లేదో కనిపెట్టి ఉండాలి. గాలి ఊదే బ్లోయర్ ఒకటి ఆగితే ఆ క్షణాన రెండోదాన్ని లేపాలి. రెండు బ్లోయర్ల మీటలూ దాని చేతిలోనే ఉంటాయి. గాలి అందకపోతే గ్రూపర్ చేప గుడ్లయినా పిల్లలయినా ఇరవై నిమిషాల్లో తెల్లగా తేలిపోతాయి. ఈ ఏడాది తిన్-లై రెండు విడతలు అలాగే పోగొట్టుకున్నాడు. మూడో విడత గుడ్లు రేపు వస్తున్నాయి. ఇవీ పోతే తొట్లు బోర్లించి, భార్యాభర్తలిద్దరూ పక్క రేవులో ఆల్చిప్పలు ఒలిచే కూలికి పోతామని అతను నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూ చెప్పినందుకే యింగ్-చూకి ఆ మాట మనసులోంచి పోలేదు.

అతని దగ్గరున్నది కొంచెం. ఆ కొంచెంలోనే ఆగని యంత్రం కట్టాలి. పైరేకు పెట్టె పాతదే తీసుకుంది, దాని మీది తుప్పు గీకి రంగు వేసింది. మెమరీ ఎవరి ఆఫీసులోంచో పీకేసినది, అయినా నాలుగు రోజులు నడిపి చూసుకుంది. ప్రాసెసర్ చిన్నది, వేడెక్కనిది, ఫ్యాను అవసరం లేనిది. ఉప్పుగాలికి ముందు చచ్చేది ఫ్యానే గనక. డిస్కు దగ్గర, పవర్ సప్లై దగ్గర మాత్రం ఆమె చెయ్యి వెనక్కి తీయలేదు. రెండూ కొత్తవే కావాలంది. "మిగుల్చుకోవాలంటే రేకులో మిగుల్చుకో అమ్మాయ్, గుండెలో మిగుల్చుకోకు." పాతికేళ్ల కిందట ఆ మాట నేర్పినవాడు ఆ-షుయ్ పెదనాన్న. చుట్టరికం లేదు. ఊరందరికీ ఆయన పెదనాన్నే. యింగ్-చూకి మాత్రం గురువు కూడా. సముద్రమాత గుడి కమిటీకి పెద్ద. కొత్త పవర్ సప్లై ఆయన దుకాణం నుంచే వచ్చింది, సీలు కూడా చెదరకుండా.

పరీక్ష రెండో రోజు ఉదయం యింగ్-చూ షట్టరు ఎత్తేసరికి కొట్లో ధూపం వాసన నిండి ఉంది.

ఆమె దేవుడి అర వైపు చూసింది. ఊదొత్తి ఇంకా వెలిగించలేదు. నిన్నటి బూడిద చల్లగా ఉంది.

"గుడి వీధి నుంచి గాలి తిరిగి ఉంటుంది," అన్నాడు భర్త లియాంగ్-తే, సోయాపాల గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని.

"షట్టరు ఇప్పుడేగా ఎత్తాను. గాలికి తాళంచెవి ఇచ్చావా?"

ఆమె వాసన పట్టుకుని వెళ్లింది. టీవీ చుట్టూ, రిపేరుకొచ్చిన ఫోన్ల చుట్టూ తిరిగి, చివరికి బల్ల మీద నడుస్తున్న పెట్టె వెనక ఆగింది. పవర్ సప్లై ఫ్యాను గోరువెచ్చని గాలి వదులుతోంది. ఆ గాలిలో చందనం ఉంది. చందనం అడుగున ఇంకో వాసన ఉంది. చచ్చినదేదో సన్నని వేడికి రోజులతరబడి ఉడికితే వచ్చే వాసన. ఆమె అరచేతిని ఫ్యానుకు అడ్డం పెట్టింది. గాలి ఇంకా వేడెక్కింది. వాసన రెండింతలైంది. చెయ్యి తీసేసింది. వాసన మళ్లీ తగ్గింది.

"విప్పుతాను," అంది.

"విప్పితే గ్యారంటీ పోతుంది. ఇంత చిన్నదానికి పెదనాన్నని అనుమానించడం బాగుంటుందా?"

"అనుమానించడం లేదు. వాసన చూస్తున్నాను."

తీగ పీకి, పవర్ సప్లై డబ్బాను బయటికి తీసింది. నాలుగు స్క్రూల్లో మొదటిదాని తలే అరిగిపోయి ఉంది. కొత్త డబ్బా స్క్రూ అరగడమేమిటి? అది ఆమె అడగలేదు, చేతులే అడిగాయి. మూత లేచింది.

ఫ్యాను రెక్కల మీద గోధుమరంగు జిడ్డు గోటి మందాన పట్టి ఉంది. ఊదొత్తి మసి ఏళ్ల తరబడి పేరుకుంటే అలా అవుతుంది, బెల్లప్పాకం మాడినట్టు. ఒక మూల బల్లి ఒకటి అట్టలా ఎండి, తీగకు అతుక్కుని ఉంది. దాని పక్కన బొద్దింక గుడ్ల సంచులు, ఎవరో వరసగా పేర్చినట్టు. ఆమె చూస్తుండగానే ఒక సంచి కింద నుంచి బతికున్నదొకటి బయటపడి మణికట్టు మీదుగా మోచేతి దాకా పరిగెత్తింది. యింగ్-చూ చెయ్యి విదిలించి వెనక్కి జరిగింది.

ఇవన్నీ తుడిస్తే పోతాయి. తుడిచినా పోనివి పక్కనే ఉన్నాయి. కరెంటును నిలవబెట్టే కెపాసిటర్లు, చిన్న చిన్న గొట్టాలు, తలలు చదునుగా ఉండాల్సినవి. మూడింటి తలలు ఉబ్బి ఉన్నాయి. ఒకటి చిట్లి, గోధుమరంగు రసం కారి, పుండు మీద చీము ఎండినట్టు పక్కు కట్టింది. ఇలాంటిది ఈ రోజు నడుస్తుంది, రేపూ నడవచ్చు. ఏ గంటలో చస్తుందో దానికే తెలియదు.

ఆ గొట్టాల వెనక, రేకుకు అంటించి, ఒక పసుపు కాగితం మడత కనిపించింది.

అమ్మవారి రక్ష. ఎనిమిది మూలలుగా మడిచి ఉంది. ఈ రేవులో ఆగకూడని యంత్రం ఏది కట్టినా లోపల రక్ష పెడతారు, పైన ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్టు పెడతారు. యంత్రం బుద్ధిగా ఉండాలని. అందులో వింతేమీ లేదు. వింత మడతలో ఉంది. చివరి మూలను అందరూ కుడి నుంచి లోపలికి దోపుతారు. ఇది ఎడమ నుంచి దోపి ఉంది. ఊళ్లో ఎడమచేత్తో రక్ష మడిచేది ఒక్కరే.

ఆమె మెల్లగా విప్పింది. ఎర్ర సిరాతో కోడి సంవత్సరం, మూడో నెల. అంటే తొమ్మిదేళ్ల కిందటిది. గుడి గోడ మీద దాతల పేర్లతో వెలిగే చిన్నదీపాలు ఏడాది పొడుగునా ఆరకూడదని ఆరు పెట్టెలు కట్టింది తనే. ఆరింటి పవర్ సప్లైల్లోనూ ఆరు రక్షలు పెట్టింది తనే, ఉపవాసం ఉండి, స్నానం చేసి.

"దీన్ని ముట్టుకోకు," అంది భర్తతో. "నేను వచ్చేదాకా ఇలాగే ఉండనివ్వు."

లియాంగ్-తే గ్లాసులోకి చూస్తూ తల ఊపాడు.

*

పెదనాన్న పొరుగు రేవు గుడికి వెళ్లాడన్నారు. యింగ్-చూ గుడి వంటశాల అరుగు మీద కూర్చుంది. పదకొండింటి దాకా కూర్చుంది. క్యాబేజీ తరుగుతున్న ఆడవాళ్లు తినమన్నారు, వద్దంది. కళ్లు మూస్తే ఆ గుడ్ల సంచులు కనిపిస్తున్నాయి.

ఆయన వచ్చి గంజి గిన్నె ముందు కూర్చున్నాక ఆమెను చూశాడు.

"రా అమ్మాయ్, తిన్నావా? పాలచేప పొట్ట ముక్క వేశారు. ముళ్లు నేను వేళ్లతో తడిమి తీసిపెడతా."

"తినలేను పెదనాన్నా."

"ఒంట్లో బాగాలేదా?"

ఆమె జేబులోంచి పసుపు కాగితం తీసి గిన్నె పక్కన పెట్టింది. ఆయన చూశాడు. పెదాలు తుడుచుకున్న చేత్తోనే దాన్ని తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. నూనె మరక ఒకటి అమ్మవారి పేరు మీద పడింది.

"ఎక్కడిదిది?"

"మీరు పంపిన కొత్త పవర్ సప్లైలోది."

పెదనాన్న కంగారు పడలేదు. పళ్ల సందులోంచి ముల్లొకటి లాగి, గిన్నె అంచు మీద అంతకుముందున్న ముళ్ల పక్కన వరసగా పెట్టాడు. ఆ వరస చూసి యింగ్-చూ మొహం తిప్పుకుంది.

"మరేం చెయ్యమంటావు?" అన్నాడాయన. "అమ్మవారి పేరున్న కాగితాన్ని చెత్తలో పారెయ్యనా? అంత పాపం నేను చేస్తానా?"

"కాల్చాల్సింది."

"కాల్చాలంటే బయటికి తియ్యాలి. పూజారి మంత్రించి లోపల పెట్టించినదాన్ని తియ్యడానికి నాకేం అధికారం ఉంది?"

"స్టిక్కరు పీకి కొత్తది అంటించడానికి ఉందా?"

క్యాబేజీ తరిగే చప్పుడు ఆగింది. అందరికంటే పెద్దది, పళ్లు లేని సూ-మా, కత్తి పలక మీద ఆనించి, "ఏం ఆ-షుయ్, పిల్ల అడిగినదానికి చెప్పవేం? ముల్లు అడ్డం పడిందా?" అంది.

"నువ్వు నీ ఆకులు తరుక్కో." పెదనాన్న యింగ్-చూ వైపు తిరిగాడు. గొంతు మెత్తగానే ఉంది. పాఠం చెప్పే గొంతు. "నువ్వేం అడిగావు? ఆగనిది కావాలన్నావు. ఇది తొమ్మిదేళ్లు ఒక్క రోజు ఆగలేదు. తుఫానుల్లో కూడా ఆగలేదు. ఇప్పుడొచ్చే కొత్తవి మూడు నెలలకే పోతున్నాయి. నేను నీకు పరీక్షకు నిలిచినది ఇచ్చాను."

"తొమ్మిదేళ్లు కన్ను మూయని మనిషిని తీసుకొచ్చి, ఇతను నిద్రపోడని కాపలా పెడతారా పెదనాన్నా?"

"మాటలు నేర్చావు."

"మీ దగ్గరే. రేకులో మిగుల్చుకో, గుండెలో మిగుల్చుకోకు అన్నారు."

"అప్పుడు నాకు నలభై," అన్నాడాయన. "నలభైలో చెప్పిన నీతులకి అరవై ఐదులో పూచీ అడుగుతావా?" తనే నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. "విను. పాతదని చెబితే నువ్వు తీసుకునేదానివా?"

"తీసుకునేదాన్ని కాదు."

"చూశావా. కొత్తది కొనే స్తోమత ఆ తిన్-లైకి ఉందా?"

"కొత్తదానికే ఇచ్చాడు కదా."

ఆయన గిన్నె ఎత్తి గంజి పీల్చాడు. ఆ పీల్చిన చప్పుడు యింగ్-చూ చెవుల్లో చాలాసేపు ఉండిపోయింది. ఇరవై ఐదేళ్లు ఈ మనిషి తింటుంటే ఎదురుగా కూర్చుంది. ఆయన ఎంగిలి గిన్నెలు కడిగింది. ఆయన వేళ్లు ఇంత లావుగా, ఇంత జిడ్డుగా ఉంటాయని ఇప్పటిదాకా చూడలేదు.

"మిగతా ఐదూ ఏమయ్యాయి?" అని అడిగింది.

"వెళ్లాల్సిన చోటికి వెళ్లాయి. గోడ దీపాలు మార్చినప్పుడు కమిటీ ఏం చెప్పింది? పాత సామాను నీ ఇష్టం ఆ-షుయ్ అంది. పారేస్తే పాపం కాదూ? వస్తువుకి ఇంకా ప్రాణం ఉంది."

"బొద్దింకలకి ఉంది."

సూ-మా కిసుక్కున నవ్వింది. పెదనాన్న మెడ ఎర్రబడింది. లేచి, వంటశాల గోడకున్న అరలోంచి చంద్రవంక చెక్కలు రెండూ తీశాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అమ్మవారు అవునన్నట్టు. "నా మాట మీద నమ్మకం లేకపోతే ఆమెనే అడుగుదాం," అని కళ్లు మూసుకుని, పెదాలు కదిపి, చెక్కలు నేల మీదికి వదిలాడు. ఒకటి బోర్లా పడింది. ఒకటి వెల్లకిలా.

"ఒప్పుకుంది," అన్నాడు.

"దేనికి?" అంది యింగ్-చూ. "ఏమని అడిగారు పెదనాన్నా?"

"అది నాకూ ఆమెకూ మధ్య."

"తప్పు చేశానా తల్లీ అని అడిగుంటే మాత్రం, చేశావనే అంది మరి," అంది సూ-మా, మళ్లీ కత్తి అందుకుంటూ.

ఆడవాళ్లంతా తలలు దించుకుని నవ్వారు. ఆయన్ని చూసి ఎవరైనా అలా నవ్వడం యింగ్-చూ చిన్నప్పటి నుంచీ ఎరగదు. ఆయన చెక్కలు ఏరుకుని నిలబడేసరికి గొంతులో మెత్తదనం పోయింది.

"నన్ను నిలదీయడానికి వచ్చావు కదా," అన్నాడు. "నా రెండు కళ్లకీ శుక్లాలు. అంగుళం స్క్రూ కూడా కనబడదు. ఆ మూతలు విప్పి, స్టిక్కర్లు మార్చి, సీలు వేసింది ఎవరనుకున్నావు? బుధవారం బుధవారం నీ మొగుడు గుడికి డోలు సాధనకి వస్తున్నాడనే అనుకుంటున్నావా? ఏ బుధవారమైనా వాడి డోలు నీకు వినిపించిందా?"

యింగ్-చూ బయటికి నడవబోయింది.

"లోపల తుడవమని కూడా చెప్పాను," అన్నాడు పెదనాన్న, మళ్లీ కూర్చుని గిన్నె దగ్గరకు లాక్కుంటూ. "సరిగ్గా తుడవకపోవడం వాడి తప్పు."

*

బయటికి రావాలంటే అమ్మవారి మంటపంలోంచే రావాలి. చందనం పొగ తెరలు తెరలుగా లేస్తోంది. ఆ వాసన తగలగానే ఆమె చేతులు వాటంతటవే జోడవడం అలవాటు. బిడ్డ జ్వరంలో ఉన్నప్పుడు, తల్లి పోయినప్పుడు, కొట్టు తెరిచిన రోజున, ఆ వాసనే ఆమెను నిలబెట్టింది. ఇవాళ ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని గడప దాటింది. దాటాక సిగ్గేసింది. తల్లీ, ఇందులో నీ తప్పేముంది అనుకుంది. మరి నీ పేరు అడ్డం పెట్టుకుని చేస్తుంటే నువ్వెందుకు ఊరుకున్నావని కూడా అనుకుంది. ఈ రెండో మాట అనుకోవచ్చో లేదో ఆమెకు తెలియదు. పెదనాన్న గిన్నె పక్కన వదిలేస్తే తిరిగి తెచ్చుకున్న రక్షను, గుడిలో కాగితాలు కాల్చే కొలిమిలో వేసింది. పెదనాన్న వేలిముద్ర ఉన్న చోటే ముందు అంటుకుంది.

స్కూటరు మీద వస్తూ దారిలోనే లెక్క వేసుకుంది. ఇవాళ సాయంత్రం బస్సుకి చియాయీ పట్నం వెళ్తే కొత్త పవర్ సప్లై దొరుకుతుంది. తను కళ్లారా లోపల చూసి తెస్తుంది. రేపు గుడ్లు వచ్చేలోగా బిగించవచ్చు. మూడు రోజుల పరీక్ష ఉండదు, పోనీ. లియాంగ్-తేతో ఏం మాట్లాడాలో తర్వాత చూసుకోవచ్చు. ముందు పెట్టె.

కొట్లో బల్ల ఖాళీగా ఉంది.

లియాంగ్-తే కొళాయి దగ్గర సబ్బుతో చేతులు రుద్దుకుంటున్నాడు. మోచేతుల దాకా రుద్దుకుంటున్నాడు. బల్ల మీద పాత పళ్ల బ్రష్షు ఒకటి ఉంది. దాని కుచ్చు నిండా గోధుమరంగు జిడ్డు. పక్కన పాత కాగితంలో చుట్టినదేదో ఉంది. ఒక చివర ఎండిన బల్లి తోక బయటికి కనిపిస్తోంది.

"నువ్వు వెళ్లగానే తిన్-లై వచ్చాడు," అన్నాడు వెనక్కి తిరగకుండా. "తుఫాను వస్తుందన్నారట, గుడ్లు ఒక రోజు ముందే పంపేశారు. ట్రక్కు వీధిలోనే ఆపాడు. సంచుల్లో గాలి గంటకి మించి ఉండదన్నాడు. ఏం చెయ్యమంటావు?"

"దేనితో పంపావు?"

కొళాయి పారుతూనే ఉంది.

"లియాంగ్-తే. ఏ పవర్ సప్లైతో పంపావు?"

"ఇంకేం ఉంది మన దగ్గర? శుభ్రంగా తుడిచాను. మూలమూలకీ బ్రష్షు పెట్టాను. ఒక్క పురుగు లేదు."

"ఉబ్బినవి మూడు ఉన్నాయి. చూశావా?"

"చూశాను."

"చూసి, మూత బిగించావు."

"అతనేం అడుగుతున్నాడో తెలుసా నీకు? నా మొహంలోకి చూసి, అక్క పెట్టె సిద్ధంగా ఉందా బావా అని అడుగుతున్నాడు. ఏమని చెప్పను? మేము పెట్టింది చెత్త అని చెప్పనా?"

"చెప్పాల్సింది," అంది. "బుధవారాల గురించి కూడా."

అతని చేతులు సబ్బు నురగలోనే ఆగిపోయాయి. ఆ చేతులనే ఆమె చూసింది. గోళ్ల సందుల్లో ఇంకా గోధుమరంగు ఉంది. రాత్రి ఇవే చేతులు ఆమెకు అన్నం వడ్డించాయి. ఆమె వెనక్కి జరిగి, ఫోను తీసింది.

రెండో రింగుకే తిన్-లై ఎత్తాడు. వెనక బ్లోయర్ల హోరు నిండుగా వినిపిస్తోంది.

"అక్కా, నీకే చేద్దామనుకుంటున్నా. గుడ్లు తొట్లలోకి వదిలేశాం. ఒక్కటి పాడవలేదు, గాజుపూసల్లా ఉన్నాయి. నీ పెట్టె బంగారం. పైన ఆకుపచ్చ ప్యాకెట్టు కూడా పెట్టాం, గడువు తేదీ చూసి మరీ."

"తిన్-లై, నా మాట విను."

"ముందు నువ్వు ఇది విను. దాని వెనక నుంచి గుళ్లో ధూపం వాసన వస్తోంది. ఒట్టు. బిగించినప్పుడు లీలగా వచ్చింది. ఇప్పుడైతే గదంతా ఘుమఘుమ. మా ఆవిడ అమ్మవారే వచ్చి కూర్చుందని మోకాళ్ల మీద దండాలు పెడుతోంది. పెట్టె మీద పట్టుగుడ్డ కూడా కప్పింది."

"గుడ్డ తీసెయ్. తిన్-లై, ఇప్పుడే, ముందు ఆ గుడ్డ తీసెయ్. ఫ్యానుకు గాలి ఆడదు. బ్లోయర్ల మీటలు చేత్తో..."

ఫోనులో బ్లోయర్ల హోరు ఒక్కసారిగా సన్నబడింది. ఆగీ ఆగనట్టు తడబడి, మళ్లీ లేచింది. వెనకెక్కడో ఆడమనిషి ప్రార్థన సగంలో ఆగిపోయింది.

"అక్కా," అన్నాడు తిన్-లై. అతని గొంతులో నవ్వు లేదు. "ఇప్పుడు అలా అయిందేమిటి?"